పీ-వన్ పిల్లలు

పదో తరగతి ఫలితాలొచ్చాక పల్లెటూరి హైస్కూలు స్టాఫ్‌రూమ్‌లో ఏటా ఒక లెక్క నడుస్తూ వచ్చింది. ఫలానా పిల్లకు తొమ్మిది పాయింట్ ఏడు. దానికి పాయింట్ నాలుగు కలిపితే పది పాయింట్ ఒకటి. లెక్కల్లో పదికి పది. వస్తుందా, రాదా? హెడ్మాస్టరు తండ్రికి ఫోన్ చేస్తారు: "తొందరపడి ఇంటర్‌లో చేర్చేయకయ్యా, ట్రిపుల్ ఐటీ లిస్టు రానీ." ఆ తండ్రి అప్పటికే ఇరకాటంలో ఉంటాడు. ప్రైవేటు జూనియర్ కాలేజీ పీఆర్వో పొద్దుటి నుంచీ అరుగు మీదే కూర్చున్నాడు. ఫీజులో సగం తగ్గిస్తానంటాడు, సాయంత్రంలోగా మాట చెప్పాలంటాడు.

ఆ లిస్టు రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్‌ది. అంత పొడుగు పేరు ఊళ్లో ఎవరూ పలకరు. బాసర ట్రిపుల్ ఐటీ, నూజివీడు ట్రిపుల్ ఐటీ, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, అంతే. హైదరాబాద్ గచ్చిబౌలిలో 1998 నుంచి ఉన్న ట్రిపుల్ ఐటీ వేరు, ఇవి వేరు. అక్కడికి ఇంటర్ అయ్యాక ప్రవేశ పరీక్ష రాసి వెళ్లాలి. ఇక్కడికి పది కాగానే, పదిహేనేళ్ల వయసులో, ట్రంకు పెట్టె పట్టుకుని వెళ్తారు. ఆరేళ్లుంటారు. చివరి నాలుగేళ్లు బీటెక్. మొదటి రెండేళ్లు పీయూసీ. క్యాంపస్ భాషలో పీ-వన్, పీ-టూ. ఆ తర్వాత ఈ-వన్ నుంచి ఈ-ఫోర్ దాకా.

పత్రికల్లో ఈ విద్యాసంస్థల పేరు వచ్చేది ఎక్కువగా రెండు సందర్భాల్లో: క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో ఎవరికైనా పెద్ద జీతం వచ్చినప్పుడు, మెస్‌లోనో హాస్టల్లోనో గొడవ జరిగినప్పుడు. పీయూసీ గురించి రాసేవాళ్లు తక్కువ. నా లెక్కలో ఈ విశ్వవిద్యాలయం చేసిన అసలు పని ఆ రెండేళ్లే. బీటెక్ చెప్పే కాలేజీలు మనకు వందల్లో ఉన్నాయి. బీటెక్ చదవడానికి పిల్లల్ని రెండేళ్ల పాటు తన చేతుల మీదుగా తయారు చేసుకునే యూనివర్సిటీ మాత్రం దేశంలోనే అరుదు.

ముందు ఆ పాయింట్ నాలుగు సంగతి. దీన్ని డెప్రివేషన్ స్కోర్ అంటారు. హాస్టల్ వసతి లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో చదివిన పిల్లల జీపీఏకు 0.4 కలిపేవారు. గురుకులాల్లో ఉండి చదివినవాళ్లకు అది లేదు. అంటే 9.6 తెచ్చుకున్న ఊరి బడి పిల్లవాడు, 10 తెచ్చుకున్న పట్నం ప్రైవేటు స్కూలు పిల్లవాడి పక్కన నిలబడేవాడు. చూడటానికి చిన్న అంకె. కానీ వేలమందికి ఒకే జీపీఏ వచ్చే చోట 0.4 అంటే వరసలో వేల స్థానాలు ముందుకు జరగడం. అప్పటికీ ఇద్దరు సమానంగా వస్తే లెక్కల గ్రేడు చూసేవారు, తర్వాత సైన్సు, ఇంగ్లీషు, సోషల్, మాతృభాష. అన్నీ సమానమైతే ఎవరు పెద్దవారో పుట్టిన తేదీ చూసి తేల్చేవారు. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు ఉజ్జాయింపుగా రాసిన పుట్టిన తేదీ ఒక పిల్ల ఇంజినీరు అవుతుందో లేదో నిర్ణయించిన సందర్భాలూ ఉండే ఉంటాయి. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ జీపీఏ పోయి మార్కులు వచ్చాయి. కలిపే వాటా రూపం మారింది, ఉద్దేశం అదే.

ఈ పద్ధతి ఒకసారి తప్పింది. కరోనా ఏళ్లలో పది పరీక్షలే జరగలేదు, అందరూ పాస్. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో విడిగా ప్రవేశ పరీక్ష పెట్టారు. 2021లో బాసరకు పాలిసెట్ ర్యాంకుతో తీసుకున్నారు. పరీక్ష అనగానే కోచింగ్ వస్తుంది, కోచింగ్ అనగానే పట్నం వస్తుంది. మరుసటి ఏడాదికి మళ్లీ పది మార్కులకే వచ్చారు. మంచి పని చేశారు.

బాసరకు రావలసింది ఐఐటీ

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టంతో ఈ విశ్వవిద్యాలయం పుట్టింది. వై.ఎస్.రాజశేఖరరెడ్డి అప్పుడు ముఖ్యమంత్రి. ప్రాంతానికొకటి చొప్పున మూడు క్యాంపస్‌లు: తెలంగాణలో గోదావరి ఒడ్డున బాసర, కోస్తాలో మామిడితోటల నూజివీడు, రాయలసీమలో ఇడుపులపాయ. బాసర వాళ్లకు దీని వెనుక ఒక అసంతృప్తి ఉంది. రాష్ట్రానికి వచ్చే ఐఐటీని చదువుల తల్లి గుడి ఉన్న బాసరలోనే పెట్టాలని విద్యావేత్త చుక్కా రామయ్య వంటివారు గట్టిగా అడిగారు. అది మెదక్ జిల్లాకు పోయి, ఇప్పుడు సంగారెడ్డి పక్కన కందిలో ఉంది. బాసరకు ట్రిపుల్ ఐటీ వచ్చింది. అప్పట్లో దాన్ని బుజ్జగింపు అనుకున్నవాళ్లు చాలామంది. ఇన్నేళ్ల తర్వాత చూస్తే, ఆదిలాబాద్ పల్లెల పిల్లలకు ఏది ఎక్కువ అక్కరకొచ్చిందో చెప్పడం కష్టమేమీ కాదు. ఐఐటీ ఏ ఊళ్లో ఉన్నా దాని గుమ్మం దేశవ్యాప్త పరీక్ష గుండానే తెరుచుకుంటుంది. ట్రిపుల్ ఐటీ గుమ్మం వాళ్ల హైస్కూలు మార్కుల మెమో దగ్గరే తెరుచుకుంది.

తొలి ఛాన్సలర్‌గా రాజ్ రెడ్డిని తెచ్చారు. కంప్యూటర్ శాస్త్రంలో నోబెల్ అంతటిదిగా చెప్పుకునే ట్యూరింగ్ అవార్డును 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్న శాస్త్రవేత్త. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. వాళ్ల కుటుంబంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. గిండీ ఇంజినీరింగ్ కాలేజీ, అక్కణ్నుంచి ఆస్ట్రేలియా, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు. ఊరి నుంచి ఒక్కడు అంత దూరం పోగలిగితే, ఊరూరి నుంచి ఒక్కొక్కరిని ఏరి తెస్తే ఏమవుతుందన్నది ఆయన ప్రశ్న. ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్, తెర మీద పాఠం, ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకోవడం అన్నవి ఆయన ఆలోచనలో ముఖ్యమైనవి. ల్యాప్‌టాప్ అంటే ఊరంతా వచ్చి చూసిపోయే కాలం అది. సెలవులకు దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చిన పీ-వన్ పిల్లల దర్జా వేరు.

తెర మీద పాఠం విషయంలో మాత్రం నాకు మొదటి నుంచీ సందేహమే. అమెరికాలో పీజీ చదివే పాతికేళ్ల మనిషికి అది సరిపోతుంది. ఇల్లు వదిలి వచ్చిన పదిహేనేళ్ల పిల్లకు పాఠం చెప్పడంతో పాటు ముఖం చూసి 'అర్థం కాలేదు కదూ' అని పసిగట్టే మనిషి కావాలి.

ఆ తొలి బ్యాచ్ గురించి ఒక మాట. వాళ్లు 2008లో ఒక రాష్ట్రంలో చేరి, 2014లో రెండు రాష్ట్రాల్లోకి పట్టాలు పట్టుకుని బయటికొచ్చారు. విభజన తర్వాత బాసర తెలంగాణకు, మిగతావి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు కలిశాయి. సొంత భవనాల్లేక ఒంగోలు పిల్లల్ని ఇడుపులపాయలో, శ్రీకాకుళం పిల్లల్ని నూజివీడులో కూర్చోబెట్టారు. ఇలా ముందు పేరు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత ఎప్పటికో భవనం అన్నది మన విద్యాశాఖలకు పాత అలవాటే.

మొదటి సెమిస్టరు

పీయూసీ అన్న మాట పెద్దవాళ్లకు కొత్త కాదు. రెండేళ్ల ఇంటర్మీడియట్ రాకముందు 1960ల్లో డిగ్రీకి ముందు ఏడాది పాటు యూనివర్సిటీ పీయూసీ ఉండేది. ఇప్పటి పీయూసీ రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. ఇంటర్‌తో సమానమని గుర్తింపు ఉంది. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లీషు, తెలుగు, కంప్యూటర్లు. పైకి చూస్తే ఎంపీసీకీ దీనికీ తేడా కనబడదు. తేడా చివర్లో ఉంది. ఇంటర్ పిల్లవాడు రెండేళ్లూ ఈఏపీసెట్‌కో జేఈఈకో గురిపెట్టి చదువుతాడు. ఆ మూడు గంటల పరీక్ష దాటితేనే ఇంజినీరింగ్. పీ-వన్ పిల్లవాడికి ఇంజినీరింగ్ సీటు చేరిన రోజే చేతిలో ఉంది. కాబట్టి ఈ రెండేళ్లు నేర్చుకోవడానికి ఉన్నాయి. కనీసం ఉండాలి.

ఏం నేర్చుకోవాలి? సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని నిట్టనిలువుగా పైకి విసిరితే ఎంత ఎత్తు పోతుందని తెలుగులో అడిగితే, గురుత్వ త్వరణం 10 అనుకుని, కాగితం ముట్టకుండా 20 మీటర్లని చెప్పగల పిల్ల వచ్చి కూర్చుంటుంది. అదే ప్రశ్న ఇంగ్లీషులో నాలుగు లైన్లు సాగి, మధ్యలో 'నెగ్లెక్టింగ్ ఎయిర్ రెసిస్టెన్స్' అని తగిలేసరికి ఆగిపోతుంది. తెలియనిది లెక్క కాదు. కానీ మార్కులు పోయేది లెక్కలోనే. తొలి బ్యాచ్‌ల నాటికి సర్కారు బడి అంటే చాలా చోట్ల తెలుగు మీడియమే, అందుకని మొదటి సెమిస్టరు పెద్ద అగాధంలా ఉండేది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ సర్కారు బడులు ఇంగ్లీషు మీడియానికి మళ్లాయి. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. అయినా పిల్లలు చదివేది తెలుగు పేజీ, పరీక్షకు బట్టీ పట్టేది ఇంగ్లీషు పేజీ. అగాధం కాస్త పూడింది, పోలేదు.

రెండో ఇబ్బంది గురించి ఎక్కువ మంది మాట్లాడరు. ఫిజిక్స్ మొదటి పాఠాల్లోనే వేగం, త్వరణం అంటూ అవకలనం కావాలి. లెక్కల సిలబస్‌లో అవకలనం వచ్చేది ఏడాది చివరికి. ఇంటర్‌లో ఫిజిక్స్ లెక్చరర్లు దీన్ని దాటేయడానికి సూత్రం రాసి, 'ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకో తర్వాత తెలుస్తుంది' అంటారు. ఆ 'తర్వాత' చాలామందికి రాదు. ఒకే ప్రాంగణంలో ఉండే లెక్కల టీచరు, ఫిజిక్స్ టీచరు ఒక గంట కూర్చుని పాఠాల వరస మార్చుకుంటే తీరే సమస్య ఇది. సొంత సిలబస్, సొంత పరీక్షలు ఉన్న యూనివర్సిటీకి ఆ వెసులుబాటు ఉంది. బోర్డు సిలబస్‌కు కట్టుబడ్డ కాలేజీకి లేదు.

మూడోది మనసుకు సంబంధించింది. ఇక్కడికొచ్చే ప్రతి పిల్లా తన బడిలో ఫస్టు. కొందరైతే మండలానికే ఫస్టు. హాస్టల్ గదిలో మంచాలు ఎన్ని ఉంటే అంతమంది ఫస్టులు. మొదటి మిడ్ పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజు, జీవితంలో ఎన్నడూ పదిహేనో ర్యాంకు చూడనివాళ్లు నూట యాభయ్యో ర్యాంకు చూస్తారు. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్లు వెళ్తాయి.

"తిన్నావా నాన్నా?"

"తిన్నానమ్మా."

"పరీక్షలు బాగా రాశావా?"

"రాశానమ్మా."

అంతకు మించి ఆ తల్లికి అడగడానికి తెలియదు, పిల్లవాడికి చెప్పడానికి నోరు రాదు. ఈ క్యాంపస్‌లలో పిల్లలు ప్రాణాలు తీసుకున్న ఘటనలు కూడా ఉన్నాయి. వాటికి ఒక్క కారణం వెతకడం తప్పు. కానీ ఇంటి మొదటి తరం చదువుకు, అదీ హాస్టల్లో, వేల మంది మధ్య, వార్డెనూ కౌన్సెలరూ సరిపడా లేకపోతే ఏమవుతుందో ఊహించలేనిదేమీ కాదు.

బర్క్‌లీలో ఒక లెక్కల మాస్టారు

బడిలో మెరికలైన పిల్లలు పై చదువు మొదట్లోనే ఎందుకు తడబడతారన్న విషయం మీద నాకు తెలిసిన అన్నిటికంటే గొప్ప పని కాలిఫోర్నియాలో జరిగింది. 1970ల చివర్లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ అనే యువ గణిత బోధకుడు ఒక సంగతి గమనించాడు. మొదటి ఏడాది కాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తప్పుతున్నారు. వాళ్లు వాళ్ల బడుల్లో మెరికలు. చైనా మూలాలున్న విద్యార్థులు అదే తరగతిలో దూసుకుపోతున్నారు. ఎందుకని అధ్యాపకులను అడిగితే తలా ఒక కారణం చెప్పారు: పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, డబ్బు లేదు. ట్రైస్‌మన్ ఆ మాటలతో ఊరుకోలేదు. 20 మంది నల్లజాతి, 20 మంది చైనా విద్యార్థులు ఎలా చదువుతున్నారో 18 నెలల పాటు వాళ్ల వెంట ఉండి చూశాడు.

అధ్యాపకులు చెప్పిన కారణాలేవీ నిలబడలేదు. నల్లజాతి పిల్లలు కష్టపడుతున్నారు, కానీ ఒంటరిగా. గదిలో తలుపేసుకుని చదివి, ఎక్కడ తప్పుతున్నారో పరీక్ష దాకా తెలియక దెబ్బతింటున్నారు. చైనా పిల్లలు ముందు విడిగా చేసుకుని, రాత్రి భోజనం వేళకు ఒకచోట చేరి జవాబులు సరిచూసుకుంటున్నారు. ఒకరి తప్పును ఇంకొకరు పట్టుకుంటున్నారు. అప్పుడు ట్రైస్‌మన్ నల్లజాతి విద్యార్థుల కోసం వర్క్‌షాప్‌లు పెట్టాడు. 'వెనకబడ్డవాళ్లకు ప్రత్యేక తరగతి' అన్న బోర్డు తగిలించలేదు. మామూలు తరగతిలో ఇచ్చేవాటి కంటే కష్టమైన లెక్కలిచ్చాడు, కలిసి చేయమన్నాడు. తప్పడం తగ్గింది, పైగ్రేడులు పెరిగాయి. ఆ పద్ధతి తర్వాత ఎన్నో అమెరికా విశ్వవిద్యాలయాలకు పాకింది.

బాసరలోనో నూజివీడులోనో దీన్ని కొత్తగా నేర్పక్కర్లేదు. రాత్రి పదింటికి హాస్టల్ వరండాలో చూడండి. పార్వతీపురం పిల్ల ఫిజిక్స్ చెబుతుంటుంది, పామర్రు పిల్ల ఇంగ్లీషు వాక్యం విప్పి చెబుతుంటుంది. మధ్యలో మెస్‌లో సాంబారు గురించి తిట్లు. ఈఏపీసెట్‌లో పక్కవాడి ర్యాంకు ముందుకొస్తే నా ర్యాంకు వెనక్కిపోతుందన్న భయం ఇక్కడ చాలావరకు లేదు కనుక చెప్పుకోవడానికి అడ్డంకి లేదు.

ఐఐటీలు కూడా ఇటువంటి పని ఒకటి చేస్తాయని చాలామందికి తెలియదు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు కేటాయించిన సీట్లు మిగిలిపోతే, సడలించిన కటాఫ్‌కు కూడా కాస్త దూరంలో ఆగినవాళ్లను ఏడాది ప్రిపరేటరీ కోర్సులో చేర్చుకుంటారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, ఇంగ్లీషు చెప్పి, అందులో పాసైతే మళ్లీ జేఈఈ రాయకుండానే మరుసటి ఏడాది బీటెక్‌లోకి తీసుకుంటారు. మంచి ఏర్పాటే. కానీ అక్కడ ఆ కోర్సులో ఉన్నవాడు ఎవరో క్యాంపస్‌కంతా తెలుస్తుంది. ట్రిపుల్ ఐటీలో తయారీ అందరికీ ఉంది. పదికి పది తెచ్చుకున్న పిల్లా పీ-వన్‌లోనే కూర్చుంటుంది, పాయింట్ నాలుగు కలిస్తే వచ్చిన పిల్లా పీ-వన్‌లోనే కూర్చుంటుంది. ఎవరికీ నామోషీ లేదు. ఈ మొత్తం ఏర్పాటులో నాకు అన్నిటికన్నా తెలివైన నిర్ణయం ఇదే అనిపిస్తుంది.

ఇదంతా 2008లోనే పుట్టిందని అనుకోనక్కర్లేదు. పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాల, ఆ తర్వాత 1980ల్లో వచ్చిన నవోదయ విద్యాలయాలు ఊరి పిల్లల్ని ఏరి ఒకచోట చదివించడం చూపించాయి. ఆ దారినే పదో తరగతి దగ్గర ఆపకుండా బీటెక్ దాకా పొడిగించడం 2008 నాటి కొత్తదనం.

మరి ఎక్కడ తేడా వచ్చింది?

2022 జూన్‌లో బాసర విద్యార్థులు వేలమంది మెయిన్ గేటు దగ్గర కూర్చున్నారు. ఎండకెండి, వానకు తడిసి, వారం పాటు కదల్లేదు. 12 డిమాండ్లు. పూర్తికాలపు వైస్ ఛాన్సలర్ కావాలి, చెప్పడానికి అధ్యాపకులు కావాలి, ల్యాప్‌టాప్‌లు కావాలి, తినగలిగే తిండి కావాలి. ఆ వరసల్లో పదహారేళ్ల పీయూసీ పిల్లలూ ఉన్నారు. జూన్ 20 రాత్రి అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి వెళ్లి మాట్లాడాక విరమించారు. మరుసటి నెలలోనే మెస్ భోజనం తిని పెద్ద సంఖ్యలో పిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు.

ఆ ఆందోళనలో క్రమశిక్షణ చూసి చాలామంది ముచ్చటపడ్డారు. నాకు ముచ్చట కన్నా ఆ జాబితా చదివినప్పుడు కలిగిన సిగ్గే ఎక్కువ. ఆ 12లో ఒక్కటీ గొంతెమ్మ కోరిక లేదు. అన్నీ చేర్చుకున్న రోజే ఉండవలసినవి.

అధ్యాపకుల మాటే తీసుకోండి. ఈ క్యాంపస్‌లు చాలాకాలంగా కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీ మీద నడుస్తున్నాయి. బీటెక్‌కు డాక్టరేటు ఉన్నవాళ్లు కావాలని గుర్తింపు సంస్థలు అడుగుతాయి, పరిశోధన పత్రాలు లెక్కపెడతాయి. పీయూసీ చెప్పేవాళ్ల గురించి అలా అడిగే సంస్థ లేదు. కానీ పది పాసై వచ్చిన పిల్లకు లిమిట్ అంటే ఏమిటో మనసుకెక్కించడం, ఈ-త్రీ విద్యార్థికి సిగ్నల్ ప్రాసెసింగ్ చెప్పడం కంటే కష్టం. అందుకు విషయ పరిజ్ఞానంతో పాటు తెలుగులో ఆలోచించే పిల్ల ఎక్కడ ఆగిపోతుందో తెలిసి ఉండాలి. అది ఏళ్ల తరబడి అదే తరగతి చెబితే వచ్చే నైపుణ్యం. ఏటేటా కాంట్రాక్టు రెన్యూవల్ కోసం ఎదురుచూసే మాస్టారికి అది అబ్బేదాకా నిలకడ ఎక్కడిది?

ఇంకో చిక్కు పీ-టూ చివర వస్తుంది. ప్రవేశ పరీక్ష లేదు నిజమే. కానీ బ్రాంచీలు పీయూసీలో తెచ్చుకున్న సీజీపీఏ ప్రకారం పంచుతారు. అందరికీ కంప్యూటర్ సైన్సే కావాలి. మెకానికల్, సివిల్, కెమికల్, మెటలర్జీ చివరికి మిగిలేవాళ్లకు. అందువల్ల బయట వదిలేశామనుకున్న ర్యాంకుల పరుగు చిన్న సైజులో లోపలికి వచ్చేసింది. ముఖ్యంగా మొదటి సెమిస్టరులో ఇంగ్లీషుతో తంటాలు పడి గ్రేడు పోగొట్టుకున్న పిల్ల, పీ-టూకి వచ్చేసరికి ఎంత పుంజుకున్నా, ఆ పాత గ్రేడు ఆమె వెంటే ఉంటుంది. తయారు చేయడానికి పెట్టిన కాలంలో తడబాటుకు ఇలా శిక్ష వేయడం సబబు కాదు. మొదటి సెమిస్టరు గ్రేడును బ్రాంచి లెక్క నుంచి తీసేస్తే రూపాయి ఖర్చు లేదు, భవనం కట్టక్కర్లేదు, మంత్రివర్గం కూర్చోనక్కర్లేదు.

అలాగే, ప్లేస్‌మెంట్ల పట్టికతో పాటు ఇంకో పట్టిక వేస్తే బాగుంటుంది. పీ-వన్ మొదటి సెమిస్టరులో చివరి పావు వంతులో ఉన్న పిల్లలు ఈ-వన్‌కి వచ్చేసరికి ఎక్కడున్నారు? వాళ్లలో ఎంతమంది పైకి వచ్చారు, ఎంతమంది మానేశారు? ఈ ప్రయోగం ఫలించిందో లేదో అందులో తెలుస్తుంది. అరవై లక్షల జీతం వచ్చిన ఒక్కరి ఫొటోలో తెలియదు.

2025లో తెలంగాణ ప్రభుత్వం బాసరకు తోడుగా మహబూబ్‌నగర్‌లో ఇంకో క్యాంపస్ మొదలుపెట్టింది. పాలమూరు నుంచి బాసర అంటే రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు ప్రయాణం. ఆడపిల్లలున్న ఇళ్లలో ఆ దూరమే ఎన్నో సీట్లను వదులుకునేలా చేసి ఉంటుంది. కాబట్టి దగ్గరలో ఒకటి రావడం మంచిదే. అక్కడ చేరిన తొలి పీ-వన్ పిల్లలు ఏ ఆటంకమూ లేకపోతే 2031లో ఇంజినీర్లుగా బయటికొస్తారు. వాళ్లకు పీయూసీలో లిమిట్ అంటే ఏమిటో చెప్పిన టీచర్లలో ఎంతమంది అప్పటికి ఆ క్యాంపస్‌లో రెగ్యులర్ ఉద్యోగంలో ఉంటారన్నది ఇప్పుడే అడగవలసిన ప్రశ్న.